డెత్ వ్యాలీలో కొనుక్కోవాల్సింది తెల్లవారుజాము

అల్పాహారం ఉదయం 7 గంటలకు మొదలవుతుందని చెప్పే చోట దిగి, మే నెలాఖరులో అమెరికాలోని ఎడారి పార్కు డెత్ వ్యాలీలో నడుద్దామనుకోకండి. ఆ రోజుల్లో అక్కడ 5:30 ప్రాంతంలో తెల్లవారుతుంది. 7 గంటలకు నడకలో సగం అయిపోయి ఉండాలి. 10 దాటాక లోయ అడుగున నడవొద్దని పార్కు వాళ్లే వేసవి అంతా హెచ్చరిస్తుంటారు. అంటే చేతికొచ్చేది నాలుగున్నర గంటలు. ఎక్కడ పడుకోవాలి, ఎప్పుడు లేవాలి, ఏ దారి ముందు నడవాలి, ఏది వదిలేయాలి అన్నవన్నీ ఆ నాలుగున్నర గంటల్ని బట్టే తేల్చుకోవాలి.

ఇది రాయడానికి కారణం మొదటి రాత్రి బస. పార్కు బయట, నెవాడా వైపు ఊళ్లో ఉంది. ప్రకటనలో ‘పార్కుకి దగ్గర, అల్పాహారం ఉచితం’ అని ఉంది. బుకింగ్‌లో 129 డాలర్లు చూపించింది. దిగాక 24 డాలర్ల రిసార్ట్ ఫీజు, రెండింటి మీదా పన్ను కలిపి బిల్లు 168 డాలర్ల 30 సెంట్లయింది. డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు నష్టం వేరే చోట జరిగింది. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అర లేదు కాబట్టి నీళ్ల సీసాలు గడ్డకట్టలేదు. ఐస్ యంత్రం పనిచేయడం లేదు. ఉదయం 4:30కి బయల్దేరాలి, రొట్టె, అరటిపండు పొట్లం కట్టి ఇవ్వండని ముందు రాత్రే అడిగితే, 7కి ముందు ఏదీ ఇవ్వబోమన్నారు. తినకుండా ఎండలోకి పోకూడదని 7 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రయాణం గంట. గోల్డెన్ కాన్యన్ అనే ఇరుకు కొండలోయ దగ్గర కారు దిగేసరికి 8:25. నలుగురిలో ఇద్దరు దాని చివరి ఎర్ర గోడల దాకా రాకుండానే వెనక్కి తిరిగారు. ఆ రోజంతా కార్లో మాటలు తగ్గిపోయాయి. రెండో రాత్రి లోయలోపలే దిగితే అద్దె ఇంచుమించు రెట్టింపు పడింది. అయినా ట్రయల్, అంటే నడకదారి, మొదలు 10 నిమిషాల దూరంలో ఉంది, ఉదయం 5:15కి కాలు మట్టి మీద పడింది. ఆ పైన కట్టిన డబ్బుకి వచ్చింది మూడు చల్లటి గంటలు. వేసవిలో ఆ లోయలో అమ్మకానికి దొరికేవాటిలో అంతకంటే విలువైనది లేదు.

ఇక అసలు సంగతుల్లోకి వెళ్దాం.

డెత్ వ్యాలీ కాలిఫోర్నియాలో ఉంది, కొంత భాగం నెవాడాలోకి వెళ్తుంది. 1933లో జాతీయ స్మారకంగా ప్రకటించి, 1994లో జాతీయ ఉద్యానవనం చేశారు. లోయ అడుగున ఉన్న ఉప్పు మైదానం బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 282 అడుగులు దిగువన ఉంటుంది. అక్కడి నుంచి పడమటికి తలెత్తి చూస్తే కనిపించే టెలిస్కోప్ శిఖరం ఎత్తు 11,049 అడుగులు. లోయలో బసలు, సందర్శక కేంద్రం ఉన్న ఫర్నెస్ క్రీక్‌లో 1913 జూలై 10న నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా చెలామణిలో ఉంది. అది గాలి వేడి. అక్కడే 1972 జూలై 15న నేల ఉపరితలం 93 డిగ్రీలు దాటింది. నడిచేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ రెండో అంకె, ఎందుకంటే కాళ్లు ఉండేది నేల మీద.

ఇంత వేడి ఎందుకో తెలిస్తే గడియారం దానంతటదే అర్థమవుతుంది. పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలి సియెర్రా నెవాడా మొదలు వరసగా కొండలు దాటుతూ తన తేమంతా అక్కడే వదిలేస్తుంది. లోయకి చేరేసరికి ఒట్టి పొడిగాలి మిగులుతుంది. ఏడాది వాన మొత్తం కలిపి 50 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మబ్బు లేదు, చెట్టు లేదు, ఎండంతా రాళ్లకీ ఉప్పుకీ అందుతుంది. వేడెక్కి పైకి లేచిన గాలి అటూ ఇటూ ఉన్న నిటారు కొండలు దాటలేక మళ్లీ కిందికే దిగుతుంది. దిగేటప్పుడు ఒత్తిడి పెరిగి ఇంకాస్త వేడెక్కుతుంది. ఇలా ఒకే గాలి పగలంతా లోయలో తిరుగుతూ కాగుతుంది. అందుకే అక్కడ గరిష్ఠ వేడి మధ్యాహ్నం 12కి రాదు. సాయంత్రం 4, 5 గంటల ప్రాంతంలో వస్తుంది. ‘ఎండ తగ్గాక 5 గంటలకు నడుద్దాం’ అనుకోవడం చాలామంది చేసే పెద్ద పొరపాటు. వెలుగు మెత్తబడుతుంది గానీ వేడి అప్పుడే పతాకస్థాయిలో ఉంటుంది, పైగా రాళ్లు పగలంతా తాగిన వేడిని వదలడం మొదలుపెడతాయి. మేలో సగటు గరిష్ఠం 38 డిగ్రీలు, జూన్‌లో 43, జూలైలో 47. జూలైలో రాత్రి కనిష్ఠమే 31 దగ్గర ఉంటుంది. మే నెలాఖరు వేడిగా ఉన్నా తెల్లవారుజామున నడవొచ్చు. జూలైలో అయితే లోయ అడుగున ట్రయల్స్ జోలికే పోకండి. కారు దిగి చూసి, ఫొటో తీసుకుని, మళ్లీ కారెక్కండి.

ఉన్న ఒక్క ఉదయాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలంటే నా ఓటు గోల్డెన్ కాన్యన్‌కే. పేరు చూసి కాదు, దాని ముఖం ఎటు ఉందో చూసి. లోయ గోడలోంచి పడమటికి తెరుచుకునే కాన్యన్ అది. తూర్పున కొండ అడ్డుగా ఉండటం వల్ల పొద్దున చాలాసేపు దాని అడుగున నీడ ఉంటుంది. ఫర్నెస్ క్రీక్ నుంచి బ్యాడ్‌వాటర్ రోడ్డులోకి తిరిగాక రెండు మైళ్లకు ఎడమవైపు పార్కింగ్ వస్తుంది. ఎర్ర గోడల దాకా, అంటే రెడ్ కెథీడ్రల్ అనే చోటి దాకా, వెళ్లి రావడానికి 3 మైళ్లు. మొదటి మైలు వెడల్పైన గులకరాళ్ల దారి, ఎక్కుడు మెల్లగా ఉంటుంది. అక్కడక్కడ విరిగిన తారు పలకలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ కాన్యన్‌లోకి కార్లు వెళ్లేవి. 1976 ఫిబ్రవరి వరద ఆ రోడ్డును లాక్కుపోయింది, మళ్లీ వేయలేదు. దారి రెండుగా చీలే చోట ఎర్ర గోడల వైపు వెళ్తే చివరి అర మైలు ఇరుకవుతుంది, రెండు మూడు చోట్ల రాళ్ల కింద వంగి దూరాలి, చేతులు వాడాలి. ముందు చూడకుండా సందుల్లో చెయ్యి పెట్టకండి. పగలంతా పాములు, తేళ్లు తలదాచుకునేది అలాంటి నీడల్లోనే.

అక్కడి నుంచి వచ్చిన దారినే తిరిగొస్తే 7:30కల్లా కారు దగ్గరుంటారు. ముచ్చటపడి చుట్టు తిరిగి రావాలనుకుంటే, చీలిక దగ్గర బ్యాడ్‌లాండ్స్ దారి పట్టి గవర్ గల్చ్ మీదుగా దిగాలి, మొత్తం 4.3 మైళ్లు. పసుపు, గోధుమ రంగు మట్టి మడతల మధ్య ఆ మధ్య భాగం చాలా బాగుంటుంది, అందులో సందేహం లేదు. ఇబ్బంది చివర్లో ఉంది. గవర్ గల్చ్ వెడల్పైన వాగు, నీడ ఇచ్చే గోడ లేదు. ఫర్నెస్ క్రీక్ వాగు వరద బసల మీదికి రాకుండా 1940ల్లో ఈ వాగులోకి మళ్లించారు. అప్పటి నుంచి నీళ్లు దాన్ని లోతుగా, వెడల్పుగా కోస్తున్నాయి. కింది కొసన ఎండిపోయిన జలపాతం అంచు వస్తుంది, దిగాలని చూడకండి. అంచుకు ముందే కుడిపక్కన కొండని పట్టుకుని సన్నటి దారి ఉంటుంది, అది చూసుకుని మళ్లండి. ఆ మలుపు దాటాక పార్కింగ్ దాకా ముక్కాలు మైలుకు పైనే కొండవాలున, నిప్పులాంటి ఎండలో నడవాలి. కారు కనిపిస్తుంటుంది, త్వరగా దగ్గరకు రాదు. నీళ్లు అయిపోయేదీ, మనుషులు కూలబడేదీ ఇలాంటి చివరి ముక్కల్లోనే. చీలిక దగ్గరికి 6:30 దాటి చేరితే చుట్టు దారి వదిలేయండి.

రెండో ఉదయం కూడా చేతిలో ఉంటే దాన్ని స్టవ్‌పైప్ వెల్స్ వైపు పెట్టండి. ఫర్నెస్ క్రీక్ నుంచి 25 మైళ్లు. మెస్కీట్ ఫ్లాట్ ఇసుక దిబ్బల్లో గుర్తులు వేసిన దారి ఉండదు. పెద్ద దిబ్బ దాకా వెళ్లి రావడం రెండు మైళ్లని రాసి ఉంటుంది గానీ, ఇసుకలో ఆ రెండు మైళ్లకి గట్టి నేల మీద మూడు మైళ్ల శ్రమ పడుతుంది. వెలుగు రాకముందే మొదలుపెడితే రాత్రి గాలికి పాత అడుగులు చెరిగిపోయి అలలు శుభ్రంగా ఉంటాయి. సాయంత్రం ఫొటోలు బాగుంటాయని చాలామంది సూర్యాస్తమయానికి వస్తారు. ఆ వేళకి ఇసుక ఇంకా పొయ్యి మీద పెనంలాగే ఉంటుంది. 2024 జూలైలో ఒక యాత్రికుడి చెప్పులు ఊడిపోయి, ఉత్త పాదాలతో నడవాల్సి వచ్చి, అరికాళ్ల చర్మం పూర్తిగా కాలిపోయింది. హెలికాప్టర్ రమ్మంటే ఆ వేడికి పలచబడిన గాలిలో దిగలేకపోయింది. అంబులెన్స్‌లో ఎత్తైన చోటికి తీసుకెళ్లి అక్కడ ఎక్కించాల్సి వచ్చింది. ఫ్లిప్‌ఫ్లాప్‌లు, శాండిల్స్ వేసుకుని దిబ్బల్లోకి దిగొద్దు. పిల్లల్ని అసలు దింపొద్దు.

మొజాయిక్ కాన్యన్ ఆ పక్కనే, రెండు మైళ్ల పైచిలుకు మట్టిరోడ్డు చివర ఉంటుంది. మొత్తం వెళ్లి రావడం 4 మైళ్లు. మొదటి అర మైలులోనే వరదనీళ్లు నునుపుగా అరగదీసిన పాలరాతి గోడలు కనిపిస్తాయి, చూడాల్సిన అందమంతా అక్కడే ఉంది. నునుపు రాయి మీద బూటు జారుతుంది, దిగేటప్పుడు కూర్చుని దిగడమే మేలు. ఆ తర్వాత కాన్యన్ విప్పారి ఎండకి తెరుచుకుంటుంది. వేసవిలో అర మైలు చూసి వెనక్కి రావడంలో నామోషీ ఏమీ లేదు.

బ్యాడ్‌వాటర్ గురించి సూటిగా చెప్తాను. అందరూ పోయేది అక్కడికే, వేసవిలో తప్పు వేళకు పోయేదీ అక్కడికే. పార్కింగ్ నుంచి ఉప్పు మైదానం అంచు దాకా వెళ్లి రావడం 1.9 మైళ్లు, దారి చదును. నడక తేలిక. అదే మోసం. చెట్టు, బండ, గోడ ఏదీ లేదు. పైనుంచి ఎండ, కింద తెల్లటి ఉప్పు నుంచి దాని ప్రతిబింబం. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున, చెవుల వెనక కూడా చర్మం కమిలిపోతుంది, సన్‌స్క్రీన్ అక్కడా రాసుకోవాలి. పక్క కొండ మీద ఎత్తున ‘సముద్రమట్టం’ అని బోర్డు పెట్టారు. నిలబడి తలెత్తి చూసినప్పుడు ఎంత లోతులో ఉన్నామో తెలుస్తుంది, ఆ ఒక్క చూపు కోసం కారు దిగొచ్చు. లోపలికి నడవాలంటే మాత్రం పొద్దెక్కకముందే. ఫర్నెస్ క్రీక్ నుంచి 17 మైళ్లు, అరగంట.

ఈ మాట లాస్ వేగాస్ నుంచి వచ్చే ఒక్కరోజు వ్యాన్ టూర్లకు సరిగ్గా తగులుతుంది. హోటళ్ల దగ్గర ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ 7కి బయల్దేరితే, 120 మైళ్లు దాటి లోయలో అడుగుపెట్టేసరికి 10 అవుతుంది. జబ్రిస్కీ పాయింట్ అనే వ్యూపాయింట్ చూసి బ్యాడ్‌వాటర్‌కి చేరేసరికి మధ్యాహ్నం. డిసెంబరు, జనవరిలో అది చక్కటి రోజు. మే నుంచి సెప్టెంబరు దాకా ఆ డబ్బు దండగ. తప్పదనుకుంటే కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. బ్యాడ్‌వాటర్‌లో ఏ వేళకి దింపుతారు? వ్యాన్‌లో మనిషికి ఎన్ని లీటర్ల నీళ్లుంటాయి? వేడి హెచ్చరిక వస్తే డబ్బు వెనక్కిస్తారా? మూడో ప్రశ్నకి జవాబు నసిగితే వదిలేయండి. మీ కారుంటే ముందు రాత్రే లోయకి చేరడం మంచిది. లేదా లాస్ వేగాస్‌లో తెల్లవారుజామున 2:45కి బయల్దేరాలి.

ప్రవేశ రుసుము కారుకి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డే. ఎక్కువ పార్కుల్లోలా గేటు, గుమాస్తా ఉండరు. రోడ్డు పక్క యంత్రాల దగ్గరో, ఫర్నెస్ క్రీక్ సందర్శక కేంద్రంలోనో కట్టి రసీదు కారు అద్దం దగ్గర పెట్టాలి. సందర్శక కేంద్రంలో తాగునీళ్ల కుళాయి ఉంది, సీసాలు ఉచితంగా నింపుకోవచ్చు. మొత్తం ప్రయాణంలో మనసుకు హాయినిచ్చిన సేవ అదే. రోజుకి రెండుసార్లు ఆగి నింపుకున్నా ఎవరూ అడగలేదు. అక్కడి రేంజర్‌ని, అంటే పార్కు ఉద్యోగిని, ‘ఈరోజు ఏ దారి వద్దంటారు?’ అని అడగండి. ‘ఏది బాగుంటుంది’ అని అడిగితే అందరికీ చెప్పే జవాబే వస్తుంది. వద్దన్నవి అడిగితే ఆ ఉదయం సంగతి తెలుస్తుంది.

లోయలో పడుకునే చోట్లు మూడు. ఫర్నెస్ క్రీక్‌లో ఖరీదైన పాత హోటల్ ‘ఇన్’, దాని కింద ఖర్జూరపు చెట్ల మధ్య ‘రాంచ్’ అనే మరో హోటల్. రెండింటికీ ఈతకొలనులు ఊటనీటితో నిండుతాయి. సహజంగానే గోరువెచ్చగా ఉండే నీళ్లు. చల్లదనం కోసం దూకితే నిరాశే, ఒళ్లు నొప్పులకి మాత్రం బాగుంటాయి. స్టవ్‌పైప్ వెల్స్‌లో గదులు మామూలుగా ఉంటాయి, దిబ్బలకీ మొజాయిక్ కాన్యన్‌కీ అదే దగ్గర. పడమటి అంచున పానమింట్ స్ప్రింగ్స్ ఉంది. అది వేరే లోయ, ఎత్తు ఎక్కువ, గోల్డెన్ కాన్యన్ ఉదయానికి దూరమవుతుంది. పార్కు బయట నెవాడా ఊళ్లలో బీటీ నుంచి ముప్పావు గంట, పరంప్ నుంచి గంటకు పైన. అక్కడ దిగేవాళ్లు ఫోన్ చేసి రెండే అడగాలి. ఫ్రిజ్‌లో ఫ్రీజర్ ఉందా? తెల్లవారుజామున 4కి బయటికి వెళ్లేటప్పుడు తినడానికి ఏదైనా ఇస్తారా? రెండింటికీ లేదంటే ముందు రోజే కిరాణా కొట్లో బ్రెడ్డు, వేరుశెనగ ముద్ద, ఉప్పు బిస్కెట్లు, 10 పౌండ్ల ఐస్ సంచులు రెండు కొనేసుకోండి.

టెంట్ వేయాలనుకునేవాళ్లకి ఒక మాట. లోయ అడుగున చాలా క్యాంపు మైదానాలు వేసవిలో మూసేస్తారు. ఫర్నెస్ క్రీక్ ఒకటి ఏడాదంతా తెరిచి ఉంటుంది గానీ, వేసవి రాత్రి అక్కడ నిద్ర పట్టదు. నిద్రలేని ఒంటికి మర్నాటి వేడి రెట్టింపు భారం. 4,100 అడుగుల ఎత్తున వైల్డ్‌రోజ్ ఉంది, అక్కడ వేయండి.

నీళ్ల లెక్క. పార్కు చెప్పేది మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకి కాస్త తక్కువ. నడిచే రోజున అది చాలదు. గోల్డెన్ కాన్యన్ 3 మైళ్లకి మనిషికి 2 లీటర్లు, చుట్టు దారికి 3 లీటర్లు వీపున ఉండాలి. కారులో విడిగా మనిషికి 5 లీటర్లు ఉండాలి, అవి కారు ఆగిపోతే బతకడానికి. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన క్షణంలో ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూశాకగానీ ఎంత పోయిందో అర్థం కాదు. పోయేది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉత్తనీళ్లే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, అయోమయం వస్తాయి. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తే ప్రమాదం ముదురుతుంది. లీటరుకి 500 మిల్లీగ్రాముల సోడియం దగ్గర ఉండే ఎలక్ట్రోలైట్ పొడి చూసి కొనండి. డబ్బా ముందు బొమ్మలు కాదు, వెనక అంకె చదవండి, చాలావాటిలో చక్కెరే ఎక్కువ. ఒక సీసా ఉత్తనీళ్లు, ఒక సీసా పొడి కలిపినవి, మార్చి మార్చి తాగండి. ఉప్పు వేసిన గింజలు నమలండి. ముందు రాత్రి సీసాలు మూడొంతులే నింపి గడ్డకట్టించి, పొద్దున మిగతాది నింపండి. గొట్టం ఉన్న నీళ్ల సంచి వాడేవాళ్లు ప్రతి గుక్క తర్వాత గొట్టంలోకి ఊది నీళ్లు సంచిలోకి వెనక్కి పంపాలి, లేకపోతే తర్వాతి గుక్క నోరు కాలుస్తుంది.

సగం నీళ్లు అయ్యాక వెనక్కి తిరుగుదాం అనే లెక్క ఇక్కడ పనికిరాదు. వచ్చేటప్పుడు వేడి ఎక్కువ, నీళ్లు ఎక్కువ పడతాయి. మూడో వంతు అవగానే తిరగండి.

బట్టలు వదులుగా, లేత రంగులో, చేతులు మెడ కప్పేవి. తడి చలి ఉండే చోట నూలు వద్దంటారు గానీ, ఈ పొడి వేడిలో నూలు చొక్కా తడిపి తొడుక్కుంటే మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మెడ వెనక గుడ్డ వేలాడే టోపీ, వెడల్పు అంచుది. బూట్లు అర సైజు పెద్దవి, ఎండకి పాదాలు ఉబ్బుతాయి. ఏళ్ల తరబడి అలమరలో ఉన్న బూట్లు వేసుకురావద్దు. నేల వేడికి పాత జిగురు మెత్తబడి అడుగు ఊడివస్తుంది. సరిగ్గా అదే జరిగిన ఒకాయన బూటుకి టేపు చుట్టుకుని కుంటుతూ గోల్డెన్ కాన్యన్‌లో ఎదురయ్యాడు. ఒక టేపు చుట్ట బరువు ఏమంత కాదు, సంచిలో వేసుకోండి.

ఫోన్ మీద ఆధారపడొద్దు. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఎండలో వేడెక్కితే ఫోన్ దానంతటదే ఆగిపోతుంది. ముందు అద్దం దగ్గర తగిలించి వదిలేస్తే మరీ త్వరగా. జీపీఎస్ ఎప్పుడో మూసేసిన మట్టిదార్లని రోడ్లుగా చూపించి తప్పుదోవ పట్టించిన సందర్భాలు ఇక్కడ ఎన్నో. సందర్శక కేంద్రంలో కాగితం మ్యాపు ఇస్తారు, తీసుకోండి. అద్దె కారైతే ఒప్పందంలో మట్టిరోడ్డు సంగతి చదవండి, చాలావాటిలో నిషేధం.

కారు కూడా మనిషిలాగే వేడికి లొంగుతుంది. పరంప్‌లోనో బీటీలోనో ట్యాంకు నింపుకోండి, లోయలో పెట్రోలు దొరుకుతుంది గానీ ధర బాగా ఎక్కువ. టైర్ల గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. వేడెక్కాక ఎక్కువ చూపించిందని తీస్తే రాత్రికి తక్కువైపోతుంది. నిటారు ఎక్కుళ్లలో ఏసీ ఆపండి, ఉష్ణోగ్రత ముల్లు మీద కన్నుండాలి. ముల్లు లేస్తే పక్కకి ఆపి హీటర్ పూర్తిగా తిప్పండి. ఇంజిన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. రేడియేటర్ మూత తెరవొద్దు. బండి పూర్తిగా ఆగిపోతే బండి వదిలి నడవొద్దు. కారు కనిపించినంత తేలిగ్గా మనిషి కనిపించడు.

పదింటి నుంచి సాయంత్రం దాకా ఏం చేయాలి? గదిలో తలుపులేసుకోవడం ఒకటి. అంతకంటే మంచిది ఎత్తుకి పోవడం. ప్రతి వెయ్యి అడుగులకి వేడి సుమారు 2 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. కొండ మీది వ్యూపాయింట్ డాంటేస్ వ్యూ ఫర్నెస్ క్రీక్ నుంచి 45 నిమిషాలు, 5,500 అడుగుల దగ్గర. కింద లోయ 42 డిగ్రీలుంటే పైన 30కి అటూ ఇటూ. బ్యాడ్‌వాటర్ తెల్లటి ఉప్పంతా కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తుంది. మొదటి రోజంతా ముభావంగా ఉన్న ఇద్దరూ నోరు విప్పింది ఇక్కడే. వైల్డ్‌రోజ్ కాన్యన్‌లో తేనెపట్టు ఆకారంలో పది బొగ్గు బట్టీలున్నాయి, 1877 నాటివి, ఒక్కొక్కటీ 25 అడుగుల ఎత్తు. లోపల నిలబడితే చల్లగా ఉంటుంది. దారిలో చివరి రెండు మైళ్లు కంకరరోడ్డు, 25 అడుగులకి మించిన బండ్లు ఆ దారిన పోకూడదు. ఆ బట్టీల పక్కనుంచే వైల్డ్‌రోజ్ శిఖరం ట్రయల్ మొదలవుతుంది, వెళ్లి రావడం 8.4 మైళ్లు, 2,200 అడుగుల ఎక్కుడు. శిఖరం 9,064 అడుగులు. వేసవిలో పూర్తి రోజు నడవాలన్న కోరిక ఉన్నవాళ్లు లోయని వదిలి ఇక్కడికి రావాలి. టెలిస్కోప్ శిఖరం 14 మైళ్లు, ఎక్కుడు 3,000 అడుగులు. అలవాటున్నవాళ్లకే.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మరో ముప్పు వరద. 2022 ఆగస్టు 5న ఒక్క ఉదయం 1.46 అంగుళాల వాన పడి రోడ్లన్నీ మూతపడ్డాయి, జనం లోపలే చిక్కుకున్నారు. 2023 ఆగస్టు 20న 2.2 అంగుళాలు పడి పార్కు అక్టోబరు దాకా మూతపడింది. దూరంగా కొండల మీద ఉరుము వినిపించినా కాన్యన్లలోకి దిగొద్దు, మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉన్నా సరే. బయల్దేరే రోజు పొద్దున ఏ రోడ్లు మూశారో చూసుకోండి. ఉత్తర కొసన స్కాటీస్ క్యాజిల్ అనే పాత భవనం 2015 వరద నుంచి మూసే ఉంది, అది చూద్దామని పథకం వేసుకునే ముందు తెరిచారో లేదో కనుక్కోండి.

వెంట వచ్చినవాళ్లని గమనించడం చివరగా చెప్తున్నా అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. తలతిరగడం, వికారం, జిగటగా చల్లబడిన చర్మం, చిరాకు, ఇవి ఒళ్లు వేడికి అలిసిపోయిందనడానికి గుర్తులు. మాటలు చాలించి నీడలో కూర్చోబెట్టండి, బట్టలు తడపండి, గుక్క గుక్కగా ఉప్పు కలిసిన నీళ్లు ఇవ్వండి. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా జవాబిస్తున్నా, నడక తూలుతున్నా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది, నిమిషాలు లెక్క. ఉన్న నీళ్లన్నీ తల, మెడ, చంకల మీద పోసి విసరండి. ఒకరిని సిగ్నల్ ఉన్న చోటికి కారులో పంపి అత్యవసర నంబరు 911కి చెప్పించండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. హెలికాప్టర్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. వేడి ఎక్కువైన రోజున అది ఎగరలేకపోవచ్చు.

గుంపులో ఎవరైనా ‘నేను ఇక్కడే ఆగుతా, మీరు వెళ్లి రండి’ అంటే ఒంటరిగా వదలకండి. అందరూ తిరగాలి, లేదా ఒకరు తోడుండాలి, నీళ్లు సమంగా పంచుకోవాలి. కారు తాళంచెవి వెనక్కి తిరిగేవాళ్ల చేతికివ్వండి.